కొలవని గది

నళిని ఆది జాకెట్టును నమ్మదు. సుల్తాన్ బజార్‌లోని ఆమె కుట్టుషాపుకు వచ్చే ఆడవాళ్లు పాత జాకెట్టు చేతిలో పెట్టి "దీని లెక్కనే కుట్టు" అంటే సరేనంటుంది గానీ, మనిషికి టేపు పెట్టి చూడకుండా కత్తెర ముట్టదు. ఈ చాదస్తం వల్ల ఇద్దరు ముగ్గురు గిరాకీలు పోయినా ఆమె మారలేదు.

అట్లాంటి మనిషికి ఇల్లు కొనే యోగం పట్టింది. పెళ్లయినప్పటి నుంచీ కిరాయి ఇళ్లే. ఒక ఓనరు నీళ్ల మోటారు ఆపేస్తాడు, ఇంకో ఓనరు చుట్టాలొస్తే ముఖం మాడ్చుకుంటాడు. గోడకు మేకు కొట్టాలన్నా ఒకరి అనుమతి కావాలి. ఆ బతుకు మీద ఆమెకు రోత పుట్టింది. నాంపల్లి స్టేషన్ దగ్గరి గల్లీలో ఇంద్రసేన అనే ఆయన ఇల్లు అమ్మకానికి వచ్చిందని విన్న రోజే ఆమె మనసు వెళ్లి అక్కడ కాపురం పెట్టేసింది. చిన్న వాకిలి, వాకిట్లో నల్లా, గల్లీ వైపు మిషన్ వేసుకోవడానికి ఒక గది. ఇంతకంటే ఆమె ఏనాడూ ఏమీ కోరుకోలేదు.

మొగుడు కిషన్ ఆమె కంటే తొందరపడ్డాడు. మొజంజాహీ మార్కెట్‌లో ఇంద్రసేన సీతాఫలం ఐస్‌క్రీం తినిపిస్తే, కప్పు ఖాళీ అయ్యేలోపే కొంటామని మాట ఇచ్చి వచ్చాడు. పాత హైదరాబాదు కుటుంబాల్లో మాట అంటే మాటే. నోరు తీపి చేసుకున్నాక కాగితాలు అడిగితే ఎదుటివాణ్ణి దొంగ అన్నట్టే లెక్క.

"జబాన్ ఇచ్చిన. ఇప్పుడు వకీలు, చెకింగు అంటే ఇంద్రసేన అన్న ఏమనుకుంటడు?" అన్నాడు కిషన్.

"ఏమన్న అనుకోనీ. ఐస్‌క్రీం తిన్నది నువ్వు, ఆ ఇంట్ల ఉండేది నేను" అంది నళిని.

నాంపల్లి కోర్టులో పనిచేసే వకీలు శ్రీనిధి కాగితాలన్నీ చూసింది. ఇంటి మీద అప్పుల్లేవు, తాకట్టు లేదు. ఇంటిపన్ను ఇంద్రసేన పేరు మీదే వస్తోంది. ఇల్లు కట్టింది వాళ్ల నాయన. ఆయన, ఆ తర్వాత అమ్మ, వీలునామా అంటూ ఏదీ రాయకుండానే పోయారు. వారసులెవరని శ్రీనిధి అడిగితే, "నేనొక్కణ్ణే కొడుకుని" అన్నాడు ఇంద్రసేన. అందులో అబద్ధమేమీ లేదు. వారసుల సర్టిఫికెట్ తెమ్మంటే రేపు మాపు అంటున్నాడు. ఈలోపు ఇల్లు కొలిపించాల్సిందేనని నళిని పట్టుబట్టింది.

కొలతలు తీసే అఖిలేష్ పొద్దున్నే వచ్చాడు. బ్రోకరు రాజనర్సు కూడా వచ్చి, ఈ తతంగం ఎప్పుడు అయిపోతుందా అన్నట్టు వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ముందు గదులు, వంటిల్లు, మెట్ల కింది జాగా అన్నీ అయ్యాయి. వెనకాల ఒక గదికి తాళం వేసి ఉంది.

"ఇది తెరవుండ్రి అంకుల్" అన్నాడు అఖిలేష్.

"పాత సామాన్ల గది. అందాజుగ రాస్కో" అన్నాడు ఇంద్రసేన.

"అందాజుగ నేను జాకెట్టు గూడ కుట్టను అన్నా. తెరవుండ్రి" అంది నళిని.

ఇంద్రసేన కిషన్ వైపు చూశాడు. కిషన్ నేల వైపు చూశాడు. "తాళంచెవి నా దగ్గర లేదమ్మా" అన్నాడు ఇంద్రసేన చివరికి.

"మీ ఇంటి చెవి మీ దగ్గర లేకుంటే ఎవరి దగ్గర ఉంటది?"

"మా విమలక్క దగ్గర. అది అమ్మ గది. అమ్మ పోయినంక తాళమేసి పోయింది. పగలగొట్ట బుద్ధి కాలేదు."

ఆయన చెడ్డవాడు కాదు. తాళం పగలగొట్టడానికి చెయ్యి రాని మనిషి, ఇల్లు మొత్తం అక్కకు చెప్పకుండా అమ్మడానికి మాత్రం సిద్ధపడ్డాడు. అందులో తప్పుందని ఆయనకు తోచనే లేదు.

"ఆమెకు పెండ్లప్పుడే పసుపుకుంకుమ కింద అన్నీ పెట్టిన్రు అక్కా. ఇప్పుడో పట్టుచీర పెడితే ఎక్కడ సంతకమంటే ఆడ చేస్తది. జర ఓపిక పట్టు, తాళం నేను తీయిస్త" అన్నాడు రాజనర్సు.

నళినికి ఒళ్లు మండిపోయింది. ఆమె అన్న కరుణాకర్ కూడా ఆమెకు ఒక ఆకుపచ్చ చీర పెట్టాడు. అది కట్టుకునే వెళ్లి, నాయన ఇంట్లో తనకేమీ వద్దని సంతకం చేసి వచ్చింది. అన్న ఆ ఇంటి మీద అంతస్తులు లేపాడు, ఆమె కిరాయి ఇళ్లు మారుస్తూ పోయింది. ఆ కోపం ఎవరి మీద చూపాలో ఇన్నాళ్లూ ఆమెకు తెలియలేదు.

అక్కడి నుంచే శ్రీనిధికి ఫోన్ చేసి, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టింది. "కొడుకెంతో బిడ్డ గూడ అంతే మేడం. ఆమె సగం ఆమె అమ్మితేనే మీది అయితది. లేకుంటే రేపు ఆమె కోర్టుకెక్కుతది, ఆమె ఎనుక మీరెక్కుతరు" అంది శ్రీనిధి.

ఇంద్రసేన ముఖం ఎర్రబడింది. "ఇంకో పార్టీ తయారుగ ఉన్నది. వాళ్లు గిట్ల అడ్డమైన సవాల్లేం అడుగుతలేరు. సోమవారం దాకా చూస్త" అని లోపలికి వెళ్లిపోయాడు.

అబిడ్స్ బస్టాపు దగ్గరికొచ్చాక కిషన్ ఆగలేకపోయాడు. "నోటికాడికొచ్చిన ఇల్లు. నీ పంతానికి పోయింది" అన్నాడు.

"పోతే పోనీ. ఇంకొకరి నోరు కొట్టి నేను పొయ్యి వెలిగించ" అంది నళిని.

అనడం అన్నది గానీ, మళ్లీ ఈ వయసులో ఇట్లాంటి ఇల్లు దొరకదని ఆమెకు తెలుసు. షాపులో మిషన్ ముందు కూర్చుని, చేతిలో గుడ్డ పెట్టుకుని, కాసేపు ఏడ్చింది కూడా.

ఆదివారం పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు పరిచిన వాళ్ల మధ్య నుంచి దారి చేసుకుంటూ ఇంద్రసేన గల్లీవాళ్లు చెప్పిన గుర్తులతో విమల ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. ఒక షాపు మీద రెండు గదుల వాటా, అదీ కిరాయిదే. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన విమల ఒక్కతే ఉంటోంది. ఇల్లు అమ్ముతున్నారన్న మాట నళిని నోటి నుంచే మొదటిసారి విన్నది.

"తాళం పగలగొట్టి కొనుక్కుంటే నాకు చెప్పేటోళ్లెవరు? నువ్వెందుకొచ్చినవమ్మా?" అంది.

"నాకు ఇల్లు కావాలె అక్కా. గని మీరు ఎదురైతే తలొంచుకొని పొయ్యే ఇల్లు వద్దు. మీరు అమ్మనంటే నాకింత చాయ్ పోయుండ్రి, తాగి పోత."

విమల చాయ్ పోసింది. అమ్ముతాననీ అనలేదు, అమ్మననీ అనలేదు. ఆ సాయంత్రమే తమ్ముడి ఇంటికి వెళ్లి వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుందట. "సగం నాది. సక్కగ పంచిస్తవా, నా సామాను దెచ్చి నా సగంల దిగాల్నా?" అన్నదట. గల్లీ అంతా వింటుంటే ఇంద్రసేన కాసేపు ఎగిరి, ఆ తర్వాత దిగివచ్చి అమ్మిన పైసల్లో సగం ఇస్తానన్నాడు. అక్క సంగతి తెలిసి ఆ ఇంకో పార్టీవాళ్లు రాజనర్సు చేస్తే ఫోన్ ఎత్తడమే మానేశారు. దాంతో ఇంద్రసేన మళ్లీ నళినికే కబురు పెట్టాడు.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఆ రోజు జనం కిటకిటలాడుతున్నారు. అక్కాతమ్ముళ్లు పక్కపక్కన కూర్చున్నారు గానీ మాటల్లేవు. వేలిముద్రలు, ఫొటోలు అయ్యాయి. ఆఫీసరు కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పకుండా, అందరినీ అడిగేదే విమలనూ అడిగాడు. "అమ్మా, మీ ఇష్టంతోనే అమ్ముతున్నారా?"

"ఔ సార్, ఇష్టమే" అన్నాడు ఇంద్రసేన.

"నువ్వాగు. అడిగింది నన్ను" అంది విమల.

ఆఫీసరు తల ఎత్తాడు. ఇప్పుడు విమల కాదంటే అంతా అయిపోయినట్టే, ఆమెను ఇక్కడిదాకా రప్పించింది నళినే. కిషన్ మోచేత్తో పొడిచాడు. నళిని కదలలేదు, విమల వైపు బతిమాలుతున్నట్టు చూడనూ లేదు.

"ఆ ఇంట్ల పుట్టిన సారూ. అమ్మను ఆడ్నుంచే కాటికి సాగనంపిన. ఇన్నేండ్లల్ల ఆ ఇంటి గురించి నా ఇష్టమేందని అడిగిన మొదటి మనిషి మీరే" అంది విమల. "జర ఇంకోసారి అడుగుండ్రి."

ఆఫీసరు వెనకాల ఉన్న క్యూను చూశాడు, ఆమెను చూశాడు. కుర్చీలో సర్దుకుని కూర్చుని మళ్లీ అడిగాడు.

"ఇష్టమే" అంది విమల, హాలు చివర నిలబడ్డవాళ్లకు కూడా వినబడేలా.