మోచేతి లోతు నీళ్ళు

నాకి నోరు జాస్తి. ఈ మాట మా ఊర్లో ఎవురిని అడిగినా చెప్తారు, అడగకపోయినా చెప్తారు. నా మొగుడు గురుసామి బతికుండంగా, పొద్దు కుంకి మంచం ఎక్కినాక ఆ పగలంతా జరిగింది ఆయనకి చెప్పాల్సిందే నేను. ఎవురి గొడ్డు ఎవురి చేలో పడింది, ఎవురి కోడలు ఎవురి మీద మూతి తిప్పింది, అన్నీ. ఆయన కండ్లు మూసుకోని "ఊ" అనేవాడు. ఇనేవాడో లేదో ఆ దేవుడికే ఎరుక, ఊ మాత్రం తప్పేది కాదు. ఆయన పోయినాక ఇంట్లో అన్నిటికన్నా నాకి కరువైంది ఆ ఊ ఒకటే అంటే మీరు నవ్వుతారు. నవ్వితే నవ్వండి.

ఆయన ఇడిచిపోయింది నల్లరేగడి చేను, రెండు ఎద్దులు. బూడిద రంగుది మయిలోడు, నల్లది కర్రోడు. పిల్లలు లేరు. ఎద్దులు వుంటే చేను నాది. ఎద్దులు పోతే చేను నా మరిది లక్ష్మణసామి దున్నుకుంటాడు, నేను పోయి ఆయన పెండ్లాం పాపమ్మాళ్ పొయ్యి కాడ కూచోని, ఆమె ఏసింది తిని, ఆమె చెప్పినపుడు లేవాల. లక్ష్మణసామి చెడ్డోడు కాడు. మంచోడే. మంచోళ్ళతోనే గదా తంటా, తిట్టను గూడా కుదరదు.

మరుసటేడు వాన ఎగ్గొట్టింది. చొప్ప అయిపాయ. మా ఏళాయిరంపన్నై పక్కన పిల్లకాయల్ని శివకాశికి అగ్గిపుల్లల పనికి పంపినారు, గొడ్లను మగోళ్ళు పడమటి కొండకి తోలినారు. ఆ మగోళ్ళ గుంపులో ముండమోసిన ఆడది కలిసి పోకూడదంట. "వదినా, ఎద్దుల్ని సంతలో అమ్మేద్దాం. చచ్చినాక తోలు ఎవుడికి కావాల" అన్నాడు లక్ష్మణసామి. నేను ఆలోచించి, "కొండకి పోకూడదంటే సముద్రానికి పోతా" అంటిని.

తూత్తుకుడికి పత్తి బండి తోలే దినాల్లో గురుసామి నాకి చెప్పినాడు. మన వైప్పారు ఏరు పోయి సముద్రంలో కలిసే చోట అడివి వుండాదంట. గొడుగు మాదిరి తుమ్మచెట్లు, మొగలి పొదలు, తాటిచెట్లు. ఎండాకాలం తుమ్మకాయ రాలి నేలంతా పరిచినట్టు వుంటాదంట, గొడ్లకి అంతకన్నా మంచి మేత లేదంట. నేను చెప్పిందానికి ఆయన ఊ కొట్టినాడే గానీ, ఆయన చెప్పింది నేను మాత్రం గెట్టిగా పట్టుకుంటిని. ఏటి ఇసక ఎంబడే ఎద్దుల్ని తోలుకోని, నెత్తిన సజ్జల మూట, పత్తి గోతాలు నాలుగు కలిపి కుట్టిన గుడారం గుడ్డ పెట్టుకోని పోతిని. ఊరంతా వాకిట్లో నిలబడి చూసింది. "పిట్ట కొంచెం కూత గనం" అన్నాడు ఎవుడో. ఎవుడో ఏంటికి, మా ఎదురింటి తంగసామే. ఆ గొంతు నాకి తెలీదా.

అడివి వుండాది, ఆయన చెప్పినట్టే. ఆ పక్కన సముద్రం. తిరగలి ఇసురుతా ఎవురో పిండి ఎత్తకుండా పోయినట్టు, ఆగని మోత. ఎద్దులు దాన్ని చూసి బెదిరి తోకలెత్తి మొగలి పొదల్లో దూరినాయి. నేనూ బెదిరినాను, గానీ నేను దూరితే ఎద్దుల్ని పట్టేదెవురు.

మా చేలో నాటినట్టే గుంజలు నాటి గుడారం కడితిని. మా నల్లమట్టిలో గుంజ కొడితే మనమడి కాలందాకా కదలదు. ఆ ఇసకలో ఏముండాది, గాలి ఒక తోపు తోస్తే గుంజలన్నీ పండ్లు ఊడినట్టు ఊడినాయి. గోతాల గుడ్డ పోయి తుమ్మముండ్లకి పట్టుకునింది. నేను దాన్ని పీక్కుంటా, చేతులు చీరుకుంటా, గురుసామిని నోటికొచ్చినట్టు తిడితిని. అన్నీ చెప్పినోడు ఇది చెప్పలేదు గదా.

అపుడే వచ్చింది వెళ్ళైయమ్మాళ్. తాటిచెట్లు ఎక్కేవాని పెండ్లాం. ఎండాకాలం మొగుడు చెట్ల మీద, ఆమె కింద పొయ్యి కాడ బెల్లం కాస్తా ఆ అడివిలోనే వుంటారు. ఆమె మాట అరవం. నాకి అరవం రాక కాదు, సంతలో మాట్లాడను సరిపోయేంత వచ్చు. ఆమె తన కాడ వుండే గోతాంలో ఇసక నింపి, తాడు కట్టి, గోతాన్ని గుంటలో పూడ్చేసింది. గుంజ ఊడతాది, పూడ్చిన మూట ఊడదు. నాలుగు మూలలా నాలుగు పూడిస్తే గుడారం నిలిచింది.

నీళ్ళు గూడా ఆమే చూపించింది. రెండు ఇసక దిబ్బల నడాన పల్లంలో చేత్తో గీరింది. మోచేయి దిగేలోపల తడి, ఆ తడి కాసేపటికి నీళ్ళు. సముద్రం కూతవేటు దూరాన వుండంగానే తీపి నీళ్ళు. "వాన నీళ్ళమ్మా ఇవి, ఉప్పు నీళ్ళ మీద పాలమీద మీగడ మాదిరి తేలతా వుంటాయి. మోచేతి లోతుకి మించి తవ్వొద్దు" అని చెప్పింది. నేను కొబ్బరి చిప్పతో ముంచి, తాటిదోనెలో పోసి, ఎద్దులకి తాపేదాన్ని. చిప్ప నింపి, ఊట దిగేదాకా కూచోని, మళ్ళా చిప్ప. పొద్దంతా అదే పని.

ఆ గుడారంలో నేను ఎట్ట బతికినానని అడిగితే ఏం చెప్పేది. గెంజిలో ఇసక. తలలో ఇసక. ఉప్పు గాలికి కోక తడి ఆరేది కాదు. పీతలు వచ్చి చెరువుగట్టు తవ్వినట్టు పక్క కింద తవ్వేవి. అవన్నీ ఓర్చుకోవచ్చు. మాట లేకపోవడం ఓర్చుకోలేకపోతిని. వెళ్ళైయమ్మాళ్ మంచిది, గానీ నా మనసులో మాట అరవంలో లేదు. ఏడుపొచ్చేది తెలుగులోనే గదా. అందుకని ఎద్దులకి చెప్తిని. మయిలోడు చెవులు ఆడించేవాడు, కర్రోడు నెమరేసేవాడు. చెవిటోని ముందర శంకం ఊదినట్టే. అయినా పొద్దు కుంకంగానే రెండిటి నడాన కూచోని పాపమ్మాళ్ గురించి, తంగసామి గురించి, గురుసామి కడాకడ దగ్గిన దగ్గు గురించి అంతా చెప్పి, చెప్పినాక ఒక గడియ ఆగేదాన్ని. ఏంటికి ఆగేదాన్నో నాకే తెలిసేది కాదు మొదట. తరవాత తెలిసింది. ఊ కోసరం.

ఆడి నెల గాలి పుట్టినాక తాటి పని ముగిసింది. వెళ్ళైయమ్మాళ్ నాకి తాటిబెల్లం బుట్ట ఇచ్చి, మొగుడితో ఊరికి పోయింది. అడివిలో నేను ఒంటిదాన్ని అయిపోతిని. ఆ గాలి ఇసకని మొకాన కొట్టేది. నా గొంతు నాకే ఇనపడేది కాదు. ఒకనాడు సముద్రం ఒడ్డున నిలబడి గురుసామి పేరు పెట్టి పిలిస్తిని. ఆడది మొగుడి పేరు నోటితో చెప్పకూడదంటారు, నేనైతే అరిచినాను. ఇనేదానికి ఎవురుండారు.

అట్టాంటపుడు లక్ష్మణసామి వచ్చినాడు. తుమ్మచెట్ల నడాన పంచె ఎగ్గట్టి, సజ్జపిండి మూట నెత్తిన పెట్టుకోని, "వదినా, యాడుండావు" అని కేక. ఆ తెలుగు మాట చెవిన పడంగానే చేతిలో చిప్ప పడేసి ఉరికితిని. చెప్పకూడదు గానీ, గురుసామే వచ్చినాడని ఒక్క చిటికె అనుకుంటిని. ఇద్దరిదీ ఒకటే గొంతు.

"బతికే వుండావా" అన్నాడు.

"సచ్చినానని చెప్పినారా నీకి" అంటిని.

"ఊర్లో అట్టనే అనుకుంటా వుండారు" అన్నాడు, ఎద్దుల్ని తడివి చూస్తా. ఎద్దులు నిండుగా వుండాయి. ఆయన మొకాన నవ్వు వచ్చింది. "ఇంకొక నెల నిలబెట్టినావంటే వాన వచ్చేస్తాది వదినా. నీ చేను నీదే."

ఆ సాయంత్రం గెంజి కాచి పోసి నేను మొదలుపెడితిని. నెలలుగా నోట్లో మూటగట్టిందంతా ఇప్పితిని. గుడారం లేచిపోయింది, పీతలు, వెళ్ళైయమ్మాళ్, అన్నీ. సగానికి వచ్చి తిరిగి చూస్తే మరిది గురకపెడతా వుండాడు. నడిచి నడిచి అలిసిపోయినోడు, తప్పు కాదు. గానీ నాకి తుమ్మముండ్లు గుచ్చుకున్నపుడు గూడా అంత నొప్పి తెలీలేదు.

మరునాడు ఎద్దుల్ని మేపను దూరం తోలుకోనిపోతిని. పొద్దు వాలేటపుడు వస్తే, నీళ్ళ పల్లంలో లక్ష్మణసామి తల మాత్రం కనిపిస్తా వుండాది. మిగిలిన మనిసి గుంటలో వుండాడు. చుట్టూ ఇసక కుప్పలు.

"ఏమి చేస్తా వుండావు" అంటిని.

"చిప్పతో ముంచి ఎద్దుల్ని పెంచేదా వదినా. మన తాత బాయి ఎట్ట తవ్వినాడు. నీళ్ళు తగ్గితే ఇంకొక మట్టు దించాల. చూడు, నడుములోతు ఊరింది."

మా ఊర్లో పుట్టినోడు ఎవుడైనా అట్టనే చేస్తాడు. మా సీమలో నీళ్ళు ఎపుడూ కిందనే వుంటాయి, ఎంత కింద అనేదే మాట. నాకి వెళ్ళైయమ్మాళ్ చెప్పింది గుర్తొచ్చింది. దిగి ఒక పుడిసిలి తాగితిని. కొంచెం చప్పగా వుండాది, ఉప్పు తెలీలేదు. "ఇంక తవ్వొద్దు, ఎక్కి రా" అంటిని. ఆయన వచ్చినాడు, మొకమంతా సంతోసంగా. ఆ సంతోసం చూసి తిట్టలేకపోతిని.

తెల్లారి నేను లేచేలోపల మంచి చేద్దామని ఎద్దులకి దోనె నిండా నీళ్ళు తాపేసినాడు. రేతిరి గుంటలోకి సముద్రం కింద నించి ఎక్కింది. ఎద్దులకి ఉప్పంటే ఆశ, రెండూ కడుపు పట్టినంత తాగినాయి. పొద్దు ఎక్కేతలికి కర్రోడికి నీళ్ళ మాదిరి పారుడు పట్టుకునింది. మజ్జానానికి ముందరి కాళ్ళు మడిచి పడుకున్నాడు. పిలిస్తే చెవి కదల్లేదు.

అపుడు నోరు ఇప్పితిని. మంచికి పోతే చెడు ఎదురైంది అంటారే, అది ఆ మనిసికి జరిగింది, నాకి తెలుసు. అయినా ఇప్పితిని. "నా ఎద్దుల్ని చంపను ఇన్ని ఊర్లు దాటి నడిచి వచ్చినావా. నేను నీ ఇంట్లో అంట్లు తోమితేనే నీకి నిదర పడతాదా. పో. ఈ ఎద్దు లేస్తే లేచినట్టు, లేవకపోతే నీ మొకం నాకి చూపించొద్దు" అంటిని.

లక్ష్మణసామి తువ్వాలుతో మొకం తుడుచుకోని, పిండి మూట గుడారంలో పెట్టి పాయ. ఆ గుంటని పూడ్చి పోయినాడు. పోతావుంటే నేను పిలవలేదు.

నేను దూరంగా ఇంకొక పల్లం ఎతికి, మోచేతి లోతు గీరి, ఊరిన ప్రతి చిప్పలో తాటిబెల్లం కరిగించి గొట్టంతో కర్రోడి గొంతులో పోస్తా కూచుంటిని. మయిలోడు మేతకి పోకుండా పక్కనే నిలబడినాడు. కర్రోడి చెవిలో నేను చెప్పని కత లేదు. లేవరా, నువ్వు లేవకపోతే నేను పాపమ్మాళ్ చేతి కూడు తినాల, లేవరా. లేచినాడు. వెంటనే కాదు. మొదట తల ఎత్తినాడు, మరునాడు ఒక తుమ్మకాయ కొరికినాడు, ఆ మరునాడు నిలబడినాడు. నేను ఆ నల్ల మెడ పట్టుకోని బోరుమని ఏడిస్తిని. చెప్పుకోను ఎవురూ లేరు.

పురట్టాసి నెలలో తూరుపున మబ్బు పట్టంగానే గుడారం ఇప్పి, ఎద్దుల్ని తోలుకోని ఊరు చేరితిని. నేను చేరిన రేతిరే వాన దిగింది. చేను పదునైంది. ఎద్దులు రెండూ వుండాయి, నాగలి వుండాది, ఇత్తనం వుండాది. ఒకటే లేదు. మా కులంలో ఆడది నాగలి మేడి పట్టకూడదు, పడితే వచ్చిన వాన ఎనక్కి పోతాదంట. కాడి కట్టొచ్చు, ఇత్తనం జల్లొచ్చు, మేడి మాత్రం మగోడు పట్టాల. మొకం చూపించొద్దని వుండే ఒక్క మగోడికి నేనే చెప్పి వస్తిని. ఇంక ఎవుడిని అడిగినా తంగసామి మాట మాదిరి నాలుగు మాటలు పడాల.

తెల్లారి నేనే కాడి కట్టి చేలో నిలబడితిని. ఎవుడూ రాకపోతే పట్టేస్తా, వాన పోతే పోనీ అనుకుంటా. అపుడు గట్టు మీద లక్ష్మణసామి వచ్చినాడు. తల ఎత్తలేదు. ఆయన దిగి మేడి పట్టుకోని, "హై" అన్నాడు.

ఎద్దులు కదల్లేదు. మళ్ళా అన్నాడు. తోక మెలేసినాడు. రెండూ నా పక్క తిరిగి చూస్తా నిలబడినాయి. ఆ అడివిలో నా గొంతు తప్ప వేరే గొంతుకి అడుగేసే అలవాటు వాటికి పోయింది. లక్ష్మణసామి చెలకోల ఎత్తితే, "కొట్టొద్దు" అని నేను ముందరికి పోయి, ఎద్దుల ముందర నిలబడి, "రారా మయిలా, రారా నా కర్రోడా" అంటిని. నడిచినాయి. నేను నోరు మూస్తే నిలిచిపోతాయి, మాట్లాడితే నడుస్తాయి. సరే, మాట్లాడేదానికి నాకేం కరువు.

చాలు ఎంబడి చాలు, ఎద్దుల ముందర నడుస్తా చెప్తిని. గుడారం లేచిపోయింది చెప్తిని. పీతలు చెప్తిని. సముద్రం ఒడ్డున పేరు పెట్టి అరిచింది చెప్తిని. తరవాత, "ఆ మంచోడు మీకి ఉప్పునీళ్ళు తాపినాడు గదరా. నేను పొమ్మన్నా. పోయినాక ఆయన అడుగులు గాలికి పూడిపోయేదాకా అక్కడే కూచోని చూస్తిని. పిలిచివుంటే వచ్చేవాడు. నోరు అంత జాస్తి వుండి గూడా నాకి పిలవను నోరు రాలేదు" అంటిని. ఎపుటి మాదిరే చెప్పి ఒక గడియ ఆగితిని.

ఎద్దుల ఎనకాల, మేడి కాడి నించి, "ఊ" అని ఇనపడింది.

నేను తిరిగి చూడలేదు. తిరిగితే ఎద్దులు నిలిచిపోతాయి. కండ్లు కోక చెంగుతో తుడుచుకోని, మిగిలింది చెప్తా నడిస్తిని.