రంగు చూసి కాసిన కాపలా

కొత్తగా చేరిన అమ్మాయి మణికట్టు మీద కమిలిన మచ్చ కనబడగానే పెద్దక్కకు మిషను మీద చెయ్యి నిలవలేదు. ఆ కుట్టుపని గదిలో పెత్తనమంతా ఆమెదే. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. కొత్తమ్మాయి భర్త వేరే జాతివాడు. నిగనిగలాడే నలుపు, ఉంగరాల జుట్టు, ఆరడుగుల మనిషి. ఇంకేం, తీర్పు అయిపోయింది. వాళ్ళ మగాళ్ళకు కోపం ముక్కు మీదే ఉంటుందట, పెళ్ళాలను గొడ్లను బాదినట్టు బాదుతారట. ఈ 'అట'లన్నీ ఎవరు చూసొచ్చి చెప్పారో ఆ గదిలో ఎవరికీ తెలియదు.

సైకిలు నేర్చుకుంటూ పడ్డానని కొత్తమ్మాయి నవ్వేసింది. పడ్డానని చెప్పే ఆడదాని మాట ఊరికే నమ్మకూడదని పెద్దక్కకు తెలుసు. ఆ తెలివి ఎవరి విషయంలో వాడాలో మాత్రం తెలియలేదు.

మొగుడంటే ఆ గదిలోనే బట్టలు ఇస్త్రీ చేసే అమ్మాయి మొగుడని అందరూ మెచ్చుకునేవారు. మన రంగు, మన మాట, మెత్తని మనిషి. రోజూ సాయంత్రం గేటు దగ్గర నిలబడి భార్య సంచీ తనే మోసుకెళ్తాడు. ఒళ్ళు కాలిపోయే ఆ ఆవిరిలో కూడా ఆమె పొడుగు చేతుల బట్టలే వేసుకుంటే, ఎంత పద్ధతైన పిల్లో అనుకున్నారు.

ఆదివారం పెద్దక్క ఇద్దరిని వెంటేసుకుని కొత్తమ్మాయి ఇంటి మీదికి దండెత్తింది. అవసరమైతే పిల్లను లాక్కొచ్చేయాలని ఆమె పట్టుదల. వీధి మలుపు తిరిగారో లేదో, ఎదురుగా కొత్తమ్మాయి సైకిలు మీద ఊగిపోతూ వస్తోంది. వెనక సీటు పట్టుకుని ఆరడుగుల మనిషి రొప్పుతూ పరుగెడుతూ, బ్రేకు వెయ్యి తల్లీ అని బతిమాలుతున్నాడు. ఆమె బ్రేకు వెయ్యలేదు. పెద్దక్క కింద పడింది.

అతనే ఆమెను లేవదీసి, మోకాలికి మందు రాసి, టీ పెట్టి ఇచ్చాడు. తన భార్య కోసం ఇంతదూరం వచ్చారని మురిసిపోయాడు కూడా. ఎందుకొచ్చిందో చెప్పకుండానే పెద్దక్క టీ తాగి లేచింది.

మర్నాడు కుంటుకుంటూ వచ్చి, ఉన్నదంతా అందరి ముందూ ఒప్పుకుని, కొత్తమ్మాయిని క్షమించమంది.

"అందరూ అలాగే చూస్తారక్కా. ఆయనకు అలవాటైపోయింది, నాకే ఇంకా కాలేదు," అంది ఆమె. ఆ తర్వాత పెద్దక్క పడిన తీరు అభినయించి చూపించేసరికి గదంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఇస్త్రీ అమ్మాయీ నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, మెల్లగా చొక్కా చెయ్యి పైకి మడిచింది. మోచేతి దాకా వేళ్ళ గుర్తులే.

"మా ఇంట్లో సైకిలు లేదక్కా," అంది. "ఎవరైనా అడిగితే చెబుదామనే చూశాను. మా ఆయన మనవాడు కదా, ఎవరూ అడగలేదు."

మిషన్లన్నీ ఆగిపోయాయి. పెద్దక్క లేచి ఆ పిల్లను దగ్గరికి లాక్కుని, ఇంటికి వెళ్ళాలని ఉందా అని అడిగింది. లేదని తల ఊపిందామె.

సాయంత్రం గేటు దగ్గర ఆ మెత్తని మనిషి సంచీ కోసం చెయ్యి చాచాడు. భార్య చుట్టూ గదిలోని ఆడవాళ్ళంతా ఉన్నారు. ఆమె తమతో వస్తోందని పెద్దక్క చెప్పింది. ఇది మా ఇంటి విషయం అని అతను గొంతు పెంచాడు. ఇస్త్రీ అమ్మాయి సంచీ తన భుజానికే తగిలించుకుని, "నేను రాను," అంది. అంతమంది కళ్ళ ముందు అతను చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె అందరితో కలిసి పెద్దక్క ఇంటి దారి పట్టింది.

దారి పొడుగునా కబుర్లూ నవ్వులే. పెద్దక్క మాత్రం ఒకచోట ఆగి అందరికీ చెప్పింది:

"రంగు చూసి ఒకణ్ణి అనుమానించాం, రంగు చూసి ఒకణ్ణి నమ్మాం. రెండు తప్పులూ మనవే, దెబ్బలు మాత్రం ఈ పిల్ల తింది. ఇకమీదట మొగుడు ఎవరని చూడొద్దు, ముందు పిల్లను అడుగుదాం."