పంచెలో పట్టుచీర

మూఢం అడ్డొచ్చి పెళ్లి మూడు నెలలు వెనక్కి పోయింది. కోడలికి పెట్టాలని దిల్‌సుఖ్‌నగర్‌లో కొన్న పట్టుచీర మన్సూరాబాద్‌లో, పెళ్లికొడుకు తల్లి అండాలమ్మ బీరువాలోనే ఉండిపోయింది. ఆమె దాన్ని పసిబిడ్డను సాకినట్టు సాకింది. జరీ నల్లబడుతుందని కలరా ఉండలను దాని దరిదాపులకు రానివ్వలేదు. నెలకోసారి విప్పి, నీడన గాలికి ఆరేసి, మడత మార్చి పెట్టింది.

ముహూర్తం పది రోజులుందనగా వియ్యపురాలు విజయదుర్గ ఎల్‌బీ నగర్ నుంచి చీర చూడ్డానికి వచ్చింది. మూట విప్పగానే జరీ తళుక్కుమంది. ఆమె కళ్లు మాత్రం చీరకు చుట్టిన తెల్లబట్ట మీదే ఆగాయి.

“ఇదెవరిది వదినగారూ?”

“మా ఆయన పంచె. ఉతికి ఉతికి వెన్నలెక్క అయింది. పట్టుకు గింతకన్న మంచి బట్ట ఏడ దొరుకుతది?”

విజయదుర్గ నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది. “పోయిన మనిషి పంచెలోనా మా ఉదయ పెళ్లిచీర? ఆ మాత్రం ఇంగితం ఉండక్కర్లేదూ?”

అండాలమ్మకు ఒళ్లు మండింది. “గిదే పంచెల చుట్టి ఎత్తుకున్నడు నా జగన్‌ను. కొడుకు పనికొస్తడు గని, తండ్రి బట్ట పనికి రాదా?”

“మీతో వాదన నాకెందుకండీ. ఈ చీర మాకొద్దు. వేరేది మేమే కొనుక్కుంటాం.”

అండాలమ్మ చీరను మళ్లీ అదే పంచెలో చుట్టి, బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి కొంగున ముడేసుకుంది.

“కొనుక్కోండ్రి. గా దుకాన్లనే పెండ్లికొడుకు గూడ దొరుకుతడేమో, జర అడిగి చూడుండ్రి.”