ముందు కుట్టిన ఆఖరి ఫారం

జిగురు ఉడుకుతున్నంతసేపూ కలుపుతూనే ఉండాలి. చేయి ఆగిందంటే అడుగంటుతుంది, ఉండలు కడుతుంది. పొద్దుటినుంచీ ఎడమచేయి బరువుగా, తనది కానట్టుగా ఉంది కాబట్టి ఆమె గిన్నెను గోడకు ఆనించి కుడిచేత్తో కలుపుతోంది. మధ్యమధ్య ఊపిరి అందక ఆగి, ఆగినందుకు తననే తిట్టుకుని మళ్లీ కలుపుతోంది.

అది గ్రంథాలయం వెనకవైపు గది. ఒక కిటికీ, ఒక బల్ల, మర తిప్పి బిగించే ఇనుప ప్రెస్సు, అట్టలు ఊడిన పుస్తకాల గుట్ట. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆమె చూస్తున్న ప్రపంచం అదే. అందరూ అతుకులక్క అంటారు. మొదట్లో వెక్కిరింపుగా పెట్టిన పేరే, తరవాత అదే ఖాయమైపోయింది. ఇప్పుడెవరైనా అసలు పేరుతో పిలిస్తే ఆమె ఒక క్షణం ఆలస్యంగా పలుకుతుంది. ఇంకో ఇరవై రోజుల్లో ఉద్యోగ విరమణ.

గుట్టలో పైనున్న పుస్తకాన్ని చూడగానే ఆమెకు ప్రాణం ఉసూరుమంది. మంచుదేశాల దేవతల కథలు. నార్స్ పురాణమంటారు. మరమ్మతుకు రావడం ఇది తొమ్మిదోసారి. వచ్చినప్పుడల్లా చివరి అట్ట లోపల పెన్సిలుతో ఒక గీత గీయడం ఆమె అలవాటు.

ఈ పుస్తకాన్ని ఆమె మొదటినుంచి చివరిదాకా ఎన్నడూ చదవలేదు. చిరిగినచోట మాత్రం చదివింది. సుత్తి పట్టిన ఉరుముల దేవుడి పేజీలు ఊడివచ్చాయంటే ఊళ్లో సినిమా ఆడుతోందన్నమాట. కపట దేవుడి పేజీల మూలలు నల్లబడ్డాయంటే ఆ సినిమాలో విలనుకే ఎక్కువ చప్పట్లు పడ్డాయన్నమాట. పోయిన నెల తోడేలు బొమ్మను ఎవరో మహానుభావుడు బ్లేడుతో కోసుకుపోయాడు. కంప్యూటరు ఆటేదో కొత్తగా వచ్చిందని లైబ్రేరియన్ మేడం చెప్పింది. మొదటి పదేళ్లూ మాత్రం ఒక ముసలి మాస్టారు తప్ప దీన్ని ఎవరూ ముట్టుకున్న పాపాన పోలేదు. పక్క బీరువాలో మరుగుజ్జులూ మాయ ఉంగరాలూ ఉన్న లావు నవలలన్నీ ఈ చిన్న పుస్తకం పిల్లలేనని ఆయన అనేవాడు. ఆయన పోయాక పిల్లలూ వచ్చారు, సినిమాలూ వచ్చాయి, ఆమెకు పనీ పెరిగింది.

ఒకసారి చిరిగిన పేజీలో, జ్ఞానం కోసం తన కన్ను పీకి బావిలో వేసిన దేవుడి కథ చదివి ఇంటికెళ్లి భర్తకు చెప్పింది. ఆయన సినిమా హాల్లో ప్రొజెక్టరు ఆపరేటరుగా చేసి మానేశాడు. ఆపరేషను వికటించి ఒక కన్ను పోయింది.

"నేనూ ఒకటిచ్చాను. నాకేం ముట్టింది?" అన్నాడాయన.

ఆమె నవ్వలేదు. ఆ కన్ను పోయిన రోజునే ఆమె చేతిలో ఒక తప్పు జరిగింది.

పద్నాలుగేళ్ల కిందటి మాట. ఆపరేషను గది బయట కూర్చోవలసిన మనిషి, సెలవు దొరక్క ఈ బల్ల ముందు కూర్చుంది. ఈ పుస్తకం పదమూడు ఫారాలు. పదహారేసి పేజీల ఆ కట్టలను వరసగా పేర్చి కుట్టాలి. కళ్లు దారం మీద, మనసు ఆసుపత్రిలో. ఆఖరి ఫారాన్ని తెచ్చి అన్నిటికన్నా ముందు కుట్టేసింది. రెండేళ్ల తరవాత పుస్తకం మళ్లీ వచ్చినప్పుడు అట్ట తెరిస్తే మొదటి పేజీ నూట తొంభై మూడు. లోకాంతం. తోడేలు సూర్యుణ్ణి మింగుతుంది, దేవతలందరూ చచ్చిపోతారు, భూమి సముద్రంలో మునిగి మళ్లీ పచ్చగా పైకి లేస్తుంది. అదయ్యాక ఒకటో పేజీ, లోకం పుట్టుక.

అప్పుడే విప్పి సరిచేయవలసింది. పని తొందర, తరవాత సిగ్గు, ఆ తరవాత బద్ధకం. ప్రతిసారీ అట్ట మాత్రం అతికి పంపేసింది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. అదే ఆమెను ఎక్కువ బాధించేది. తన కుట్టు ఎంత తప్పైనా పట్టించుకునే దిక్కు లేదన్నమాట. కానీ తప్పు మిగిల్చి వెళ్లడం ఆమెకు ఇష్టం లేదు. ఈ గదిలో ఆమె చేతులమీదుగా వెళ్లిన వేల పుస్తకాల్లో తప్పు కుట్టింది ఇదొక్కటే.

స్టవ్ ఆర్పి, కత్తి తీసుకుని పాత దారాలన్నీ తెంచింది. పదమూడు ఫారాలూ విడిపోయాయి. ఆఖరిదాన్ని తీసి ఆఖరున పెట్టింది. పద్నాలుగేళ్ల పని అరనిమిషంలో అయిపోయింది. దబ్బనంలో మైనపు దారం ఎక్కిస్తుండగా లైబ్రేరియన్ మేడం తలుపు తోసింది. వెనకాల పాతికేళ్ల కళ్లద్దాల అమ్మాయి ఉంది.

"అక్కా, ఈ అమ్మాయి చిన్నప్పుడు మన దగ్గరే చదువుకుందట. ఇప్పుడు కంప్యూటరు ఆటలకి కథలు రాస్తోంది. ఆ దేవతల పుస్తకం చూడాలంటోంది," అని అప్పగించి, బయట ఫోను మోగుతుంటే వెళ్లిపోయింది.

అమ్మాయి బల్ల మీద విడిపోయి ఉన్న ఫారాలను చూసి గతుక్కుమంది.

"విప్పేశారా ఆంటీ?"

"మళ్లీ కుడతాలేమ్మా. కూర్చో."

అమ్మాయి కూర్చోలేదు. ఒక్కో ఫారం మెల్లగా తిరగేసింది. "మీకు తెలుసా, ఇలాంటి పుస్తకాలు తరవాత చాలా కొన్నాను. అన్నిట్లోనూ లోకాంతం చివర్లోనే ఉంది. దీంట్లో మాత్రం మొదట్లోనే. పేజీ నంబర్లు చూసి అప్పుడే అనుకున్నా, ఎవరో తెలిసే ఇలా పెట్టారని."

అతుకులక్క దబ్బనం కింద పెట్టింది.

"నాకు పదకొండేళ్లప్పుడు మా నాన్న పోయాడు," అంది అమ్మాయి. "ఇంటినిండా ఏడుపులు. ఇక్కడికొచ్చి కూర్చునేదాన్ని. దీంట్లో మొదటే అందరూ చచ్చిపోతారు. గడ్డి మొలుస్తుంది. పేజీ తిప్పితే అందరూ మళ్లీ ఉంటారు. తింటారు, కొట్లాడుకుంటారు, మోసాలు చేసుకుంటారు. పోయినవాళ్లే, పుస్తకం నిండా వాళ్లే. చివరిదాకా ఎవరూ పోరు. ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఇప్పుడు నేను రాసిన ఆట కూడా అలాగే మొదలవుతుంది. భలే ఆలోచించావంటారు అందరూ. నాది కాదు, మా లైబ్రరీదని చెప్తే నమ్మరు."

ఆమెకు చెప్పేయాలనిపించింది. అది తెలివి కాదమ్మా, పొరపాటు, ఆరోజు మా ఆయన ఆసుపత్రిలో ఉన్నాడు అని. మాట నోటిదాకా వచ్చింది. ఆ పిల్ల మొహం చూశాక రాలేదు.

"రేపటికి ఆరుతుంది. వచ్చి చూసుకో," అంది.

"ఇలాగే ఉంటుందిగా ఆంటీ?"

"ఉంటుందిలే."

అమ్మాయి వెళ్లాక ఫారాలను దగ్గరికి లాక్కుంది. ముప్పై ఒక్క ఏళ్లలో తన కుట్టు గురించి ఎవరైనా మాట్లాడటం అదే మొదలు. అదీ తప్పు కుట్టు గురించి. ఆఖరి ఫారం తీసి మళ్లీ ముందు పెట్టింది. రెండు చేతులూ కావలసిన పని. ఎడమచేయి మొరాయిస్తుంటే మోచేత్తో అదిమి పెట్టి, రంధ్రం రంధ్రానికీ ఊపిరి పీల్చుకుంటూ కుట్టింది. అరగంట పనికి సాయంత్రమైంది. అట్ట అతికి, పెన్సిలు పని ముగించి, ప్రెస్సులో పెట్టి మర బిగించింది.

ఇంట్లో భర్త తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"చెయ్యెలా ఉంది? డాక్టరు దగ్గరికి పద."

"రేపు చూద్దాంలే. అలిసిపోయాను," అని మంచం మీద వాలి, జరిగిందంతా చెప్పింది. పద్నాలుగేళ్లుగా దాచిన తప్పు కూడా చెప్పింది. ఆయన ఉన్న ఒక్క కన్నూ తుడుచుకున్నాడు.

"అయితే నా కన్ను ఊరికే పోలేదన్నమాట," అన్నాడు.

ఈసారి ఆమె నవ్వింది. అలా నవ్వుతూనే అటు తిరిగి పడుకుంది. తెల్లవారి లేవలేదు.

నాలుగు రోజుల తరవాత లైబ్రేరియన్ ఆ గది తలుపు తీసింది. గిన్నెలో జిగురు ఎండి పెచ్చు కట్టింది. కళ్లద్దాల అమ్మాయి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. మేడం మర విప్పి పుస్తకం తీసింది. అట్ట తెరిచి నూట తొంభై మూడు చూసి, "అయ్యో, పాపం, ఆఖరికి తప్పు కుట్టింది," అనుకుంటూ వెనక్కి తిప్పింది. చివరి అట్ట లోపల పెన్సిలుతో తొమ్మిది గీతలు, వాటి కింద వంకర అక్షరాలతో ఒక్క వాక్యం ఉన్నాయి: ఎప్పుడు విప్పినా ఇలాగే కుట్టాలి.