పేరు ఒక్కడే పిలవాలె

తెలంగాణ ఉద్యమం ముదిరినప్పటి నుంచి మా అన్న అనీస్‌కు ప్రతిదీ గుంపుగా కనిపించాలి. కోరుట్ల బస్టాండు వెనక మా స్టూడియో. పెళ్లి వీడియోలకు పాటలు అతికించి బతికినవాళ్లం, 2011 వచ్చేసరికి చుట్టుపక్కల సభల్లో పాడే ధూంధాం పాటలన్నీ మా గదిలోనే రికార్డయ్యేవి. పాటకు రెండు డప్పులు, ఒక డోలక్, గొంతు చించుకునే కోరస్ పిల్లలు. మా పాత కంప్యూటర్ ఆ బరువు మోయలేక నడిమధ్యలో చతికిలబడేది. పేరుకు యజమాని అనీస్. మౌసు పట్టుకుని తిట్టుకుంటూ కూర్చునేది నేను, తరన్నుమ్‌ను.

కొత్తది కొనక తప్పలేదు. కరీంనగర్ దుకాణంవాడు ఫోన్లో రెండు రకాలు చెప్పాడు. ఒకదాని ప్రాసెసర్‌లో పని చేసే కోర్లు రెండే, కానీ ఒక్కోదాని స్పీడు ఎక్కువ. ఇంకోదాంట్లో నాలుగు కోర్లు, ఒక్కోదాని స్పీడు తక్కువ. ధర ఒకటే.

"స్పీడుదే తే భాయ్," అన్నాను. "జలపతి కాక పాట ఉన్నది గద."

జలపతి సిరిసిల్లలో సాంచలు నడిపేవాడు. మరమగ్గాలను అక్కడ సాంచలంటారు. ఆ చప్పుడులో బతుకంతా నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు, పాట మాత్రం పోలేదు. ఇప్పుడు దానికీ మూడింది. గొంతులో గడ్డ అని జగిత్యాల డాక్టరు హైదరాబాదు పంపితే, అక్కడ గొంతుపెట్టె మొత్తం తీసేయాలన్నారు. దసరా కాగానే ఆపరేషన్. ఆ తర్వాత మాట కూడా ఉండదు. ఆలోపు ఆయన పాట ఒక్కటైనా ఆయన గొంతుతో నిలవాలని కూతురు సింధూజ మా దగ్గరికి పట్టుకొచ్చింది.

అది ఉరేసుకున్న నేత కార్మికుల పాట. ఒక్కో చరణం ఒక్కో మనిషిది. చరణం చివర ఆ మనిషిని పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తాడు. శవాన్ని మోసుకుపోతూ దింపుడు కల్లం దగ్గర పాడె దించి, ప్రాణం మిగిలుంటే లేస్తాడేమోనని చెవిలో పిలుస్తారే, అచ్చం అట్లా.

"పేరు కాడ కోరస్ పెట్టకు బిడ్డా," అని ముందే షరతు పెట్టాడు. "దింపుడు కల్లం కాడ గుంపు పిలువది. అయినోడు ఒక్కడే పిలుస్తడు."

ఆ చెవులతో పాడాలంటే ఆయన గొంతు ఆయనకే హెడ్‌ఫోన్‌లో వినిపించాలి. ఊరికే సౌండు పెంచితే చాలదు. ఆయన చెవికి ఇంకా అందే ధ్వనులను ఎత్తాలి, అందని వాటిని తగ్గించాలి, మిగతా రొద కోయాలి. ఇదంతా కంప్యూటర్లో ఒకదాని వెనక ఒకటిగా, ఆయన పాడుతుండగానే జరగాలి. ముందు పని అయితేగాని తర్వాతది మొదలుకాదు. అందుకే ఆ వరుస అంతా ఒక్క కోరు మీదే పడుతుంది. మిగతావి చేతులు కట్టుకుని చూస్తుంటాయి.

ఇదంతా విని అనీస్ చెయ్యి ఊపేశాడు. "ఒక్కడు ఉరికితె తెలంగాణ అస్తదా? నలుగురు పట్టాలె. నాలుగు కోర్లదే తెస్త." మీటింగులో చప్పట్లు పడే మాట కంప్యూటర్ కొనడానికి పనికొస్తుందనుకున్నాడు మా మహానుభావుడు. తెచ్చాడు. కోరస్ పాటలకు అది నిజంగానే బాగా పనిచేసింది, ఆ మాట కాదనను. ఇంతలో సకల జనుల సమ్మె మొదలై బస్సులు ఆగిపోయాయి.

సింధూజ ఎవరి బండో అడుక్కుని తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని వచ్చింది. ఆయన హెడ్‌ఫోన్ పెట్టుకుని గొంతెత్తగానే చెవిలో చిటపటలు. కోరు అందుకోలేక ముక్కలు ముక్కలుగా తెంపుతోంది. కంప్యూటర్‌కు కాస్త గడువిచ్చే సెట్టింగు ఒకటుంటుంది, అది పెంచాను. చిటపటలు పోయాయి కానీ ఆయన గొంతు ఆయనకు రెప్పపాటు ఆలస్యంగా చేరింది. మాట అనడం, అది చెవిలో పడేదాకా ఆగడం, ఇంకో మాట అనడం. డప్పు ముందుకు పోయింది, ఆయన వెనకబడ్డాడు. వేరేవాళ్లైతే ఒక చెవి తెరిచి సొంత గొంతు వింటూ పాడేస్తారు. ఈయన చెవులకు అది అందదు, సభల్లోనైతే పెద్ద స్పీకరు బాక్సు తన వైపు తిప్పించుకునేవాడు. ఈ అగ్గిపెట్టె గదిలో బాక్సు పెడితే మైకు కూత పెడుతుంది.

"నాలుగున్నయంటిరి గద, ఏమాయె?" అని అడిగాడు.

చెవి దగ్గర నోరు పెట్టి అరిచి చెప్పాను. తల ఊపాడు. "గంతే బిడ్డా. నాలుగు సాంచలు నడిపితె బట్ట ఎక్కువైతది. ఒక్క పంచె జల్ది దిగది."

అనీస్ ఆ మర్నాడే కంప్యూటర్ పెట్టెను బండికి కట్టుకుని మార్చుకొస్తానని కరీంనగర్ బయలుదేరాడు. దారిలో రాస్తారోకో. అక్కడ మైకులో మోగుతున్నది మేం చేసిన పాటలే. బతిమాలి దాటుకుని పోతే దుకాణానికి తాళం. సమ్మె అయ్యాక రమ్మన్నాడు దుకాణంవాడు ఫోన్లో. పోయినవాడు పోయినట్టే తిరిగొచ్చాడు. నాకు వాణ్ని చూస్తే జాలి వేయలేదు, ఒళ్లు మండింది.

జలపతి ఇంకా వస్తూనే ఉన్నాడు. వచ్చిన ప్రతిసారీ గొంతు ఇంకొంచెం సన్నబడేది. దగ్గితే తువ్వాలకు నెత్తురు. ఆఖరిసారి హెడ్‌ఫోన్ తీసేసి, సింధూజను వెనక నిలబెట్టి వీపు మీద తాళం వేయమన్నాడు. తాళం కుదిరింది. రాగం మాత్రం తనకే వినపడక ఎటో జారిపోయింది. చివరి పేరు లస్మయ్య. పక్క సాంచ మీద పనిచేసిన స్నేహితుడు. ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి గొంతే రాలేదు. దసరా తర్వాత జీపు మాట్లాడుకుని హైదరాబాదు వెళ్లిపోయారు.

మా దగ్గర మిగిలింది వెనకబడిన పాట, రాగం తప్పిన పాట. అనీస్ జగిత్యాల కాలేజీ పిల్లలను పిలిపించి, వెనకబడినదాని చరణాల మీదా పేర్ల మీదా కోరస్ పరిచాడు. వద్దని మొత్తుకున్నాను.

"తప్పులన్ని కప్పుకపోతయ్. మంది ఏడ్సేటట్టున్నది, చూడు," అన్నాడు. సీడీ వదిలాడు. మంది ఏడ్చారు కూడా.

సమ్మె ముగిశాక ప్రాసెసర్ మార్చుకొచ్చాడు. చలికాలంలో జలపతి వచ్చాడు, మెడకు గుడ్డ చుట్టుకుని.

"సభలల్ల పాట మోగుతుందట. బాపు మంచిగ వినాలంటుండు," అంది సింధూజ.

హెడ్‌ఫోన్ పెట్టాను. మొదటి చరణానికి తల ఊపాడు. పేరు దగ్గర కాలేజీ పిల్లలంతా ఒక్కసారిగా అరిచారు. ఆయన తల ఆగింది. గుండె మీద వేలు పెట్టుకుని, తర్వాత హెడ్‌ఫోన్‌ను చూపించి, అరచెయ్యి తెరిచాడు. నేనేడున్న?

"కిందున్నవ్ కాకా. అందర్ల కలిసినవ్," అన్నాడు అనీస్, ఆయనకు వినపడదని కూడా మరిచిపోయి.

నేను కోరస్ మూసి ఆయన గొంతు ఒక్కటే తెరిచాను. కాసేపు విన్నాడు. డప్పు వెనక కాళ్లీడుస్తూ నడుస్తున్న తన గొంతును విని హెడ్‌ఫోన్ దించేశాడు. నాకు ఏడుపు ఆగలేదు. అనీస్ గోడ వైపు తిరిగాడు.

అప్పుడు ఆయన మైకు ముందు కూర్చుని, నొక్కమని నాకు సైగ చేశాడు. రికార్డు నొక్కాను. మనిషి చెవి దగ్గరికి వంగినట్టు మైకు మీదికి వంగాడు. పెదవులు మూడుసార్లు కదిలాయి. తెర మీద గీత లేవలేదు. మెడ గుడ్డ వెనక, ఊపిరి కోసం పెట్టిన రంధ్రంలోంచి వచ్చే గాలికి మాత్రం కొంచెం వణికింది. కొత్త ప్రాసెసర్ ఎక్కడా తెంపలేదు, రెప్పపాటు ఆలస్యం చేయలేదు. ఉన్నది ఉన్నట్టు ఎక్కించుకుంది.

"లస్మయ్య కాకనా?" అని అడిగాను.

సింధూజ తండ్రి పెదవులు చదవడం నేర్చుకుంది. "కాదక్కా. తన పేరే పిలుసుకున్నడు."

ఆయన మళ్లీ హెడ్‌ఫోన్ పెట్టుకుని, రెండు చేతులతో చెవులకు అదుముకుని, వినిపించమన్నట్టు నా వైపు చూశాడు. నేను ప్లే నొక్కలేకపోయాను.