చంద్రుడి అవతలి మాట

“టీవీ సౌండు జర తగ్గియ్యమను” అన్నాడు రాఘవేందర్, వంటింటి గడప దగ్గర నిలబడి. తగ్గించాల్సిన తండ్రి పోచయ్య ముందుగదిలో, పిలిస్తే పలికేంత దూరంలోనే ఉన్నాడు. అయినా ఆ మాట భార్య చంద్రిక మీదుగానే పోవాలి. పెనం మీద దోశ వదిలేసి వెళ్లి, “మామా, ఆయనకు తల నొస్తుందట, జర సౌండు తగ్గిస్తరా” అంది. తలనొప్పి ఆమె కలిపిందే.

అత్త పోయిన నాటి నుంచి ఇదే వరస. ఆస్పత్రికి అంత ఆలస్యంగా ఎందుకు తెచ్చావని కొడుకు, ఫోన్ చేస్తే ఎందుకు ఎత్తలేదని తండ్రి. ఆ రోజుతో మాటలు బంద్. వాళ్ల పంతానికి కూలి లేని పనిమనిషి మాత్రం చంద్రిక. ‘ముసలోనికి బుద్ధి లేదు’ అన్నది అవతలి గదికి చేరేసరికి ‘మిమ్మల్ని జాగ్రత్తగా ఉండమన్నడు’ అయ్యేది. మామ తిట్లూ అట్లాగే మంచి మాటలై కొడుకును చేరేవి. నిప్పులన్నీ ఆమె కడుపులోనే చల్లారాలి. ఏదో ఒకరోజు ఇద్దరూ ఎదురుపడి మాటలు సరిచూసుకుంటే తన గతేమిటని ఎప్పుడూ లోపల దడే.

అమీర్‌పేటలో ఆమె గ్రూప్స్ పరీక్షలకు సైన్సు చెబుతుంది. నిన్నటి పాఠం చంద్రుడి అవతలి వైపు. అక్కడ దిగిన చైనా వ్యోమనౌక మాట భూమికి నేరుగా అందదు, చంద్రుడే అడ్డం. అందుకే రెండువైపులా కనిపించే చోట ఒక రిలే ఉపగ్రహాన్ని పెట్టారు. అటు మాట ఇటు, ఇటు మాట అటు.

“మధ్యల అది మాట మారిస్తే, మేడమ్?” అని ముందు బెంచీలోని మదీహా అడిగింది.

“ఇగ నిజం చెప్పినా ఎవరూ నమ్మరు” అంది చంద్రిక. క్లాసంతా నవ్వింది. ఆమెకు నవ్వు రాలేదు.

ఇవాళ పంజాగుట్ట ఆస్పత్రిలో పోచయ్యకు గుండె ఆపరేషన్. రాఘవేందర్ ఎప్పటిలాగే హైటెక్ సిటీ ఆఫీసుకు పోయాడు. స్ట్రెచర్ మీదున్న మామ ఆమె చేయి పట్టుకున్నాడు. “బిడ్డా, నాకు మస్తు భయమైతుంది. వాన్ని ఒక్కపారి రమ్మను.”

వరండాలోకి వచ్చి భర్తకు ఫోన్ చేసింది. ఒక్క ముక్క కలపకుండా, ఉన్నదున్నట్టు చెప్పింది.

“ఊకో చంద్రికా” అన్నాడు రాఘవేందర్. “గవన్నీ నీ మాటలు. మా బాపు అట్లనడు. నాకు తెల్వదా?”

తను మాటలు మారుస్తోందని అతనికి తెలుసన్నమాట. తెలిసీ ఇన్నేళ్లూ తనతో మోయించాడు. తను చేసిన మేలే ఇవాళ మామ నోటి నిజానికి అడ్డం పడింది. లోపల నర్సు ఆపరేషన్ గది తలుపు తీస్తోంది. ఫోన్ మామకే ఇస్తే, ఇద్దరూ తిట్టుకుంటే? ఆ గుండె తట్టుకుంటుందా? ఏమన్నా అయితే అందరూ తననే అంటారు.

అయినా వెళ్లి, కట్ చేయని ఫోన్‌ను మామ చేతికే ఇచ్చింది.

“ఆయనే ఉన్నడు. మీరే చెప్పున్రి, మామా. నేనిగ చెప్ప.”

వెనక్కి చూడకుండా వరండా చివరికి నడిచింది. వెనక తండ్రీ కొడుకూ ఏమనుకుంటారో. ఎప్పటిలాగే ఏదో ఒకటి అల్లి అందించాలని మాట గొంతుదాకా వచ్చింది. మింగేసి, అక్కడే నిలబడింది.