పదింబావు గడిలో అంకె

పని ఉచితంగా నేర్పుతామంటే ఎవరికైనా సంతోషం కలగాలి. వెర్నా స్టాలింగ్స్‌కు మాత్రం అనుమానం కలిగింది. ఆ అనుమానం ఊరికే పుట్టినది కాదని పాఠకులు ముందే తెలుసుకోవడం మంచిది.

ఉత్తర కరోలినాలోని ఆ చిన్న ఊళ్ళో ఆమె ఇరవై ఆరేళ్ళు మేజోళ్ళ మిల్లులో పనిచేసింది. చివరి ఏడాది కొందరు మర్యాదస్తులు నోటు పుస్తకాలు పట్టుకుని వచ్చారు. "మీ పని తేలిక చెయ్యడానికేనమ్మా" అంటూ, ఎవరి చెయ్యి ఎటు కదులుతోందో రాసుకుని వెళ్ళారు. ఆరు నెలలు తిరక్కుండానే మిషన్లు ఓడెక్కి వేరే దేశానికి పోయాయి. అక్కడివాళ్ళకు పని నేర్పడానికి ఆ రాతలే పనికొచ్చాయని తర్వాత తెలిసింది.

ఇప్పుడు ఊరి కమ్యూనిటీ కాలేజీలో మందుల ఫ్యాక్టరీ పనికి శిక్షణ ఇస్తున్నారు. పద్నాలుగు మంది చేరారు. ఆ ఉదయం గదిలో వెనక బల్ల మీద కొత్త ఫ్యాక్టరీ నుంచి వచ్చిన టీగ్ అనే యువకుడు కూర్చున్నాడు. అతని చేతిలో నోటు పుస్తకం ఉంది.

"చూశావా, మళ్ళీ పుస్తకం వచ్చింది" అంది వెర్నా, మందులో దుమ్ము పడకుండా ఒంటినిండా తొడుక్కునే తెల్ల సూటు జిప్పు పైకి లాగుతూ.

"కాగితం కనబడితే చాలు ఉలిక్కిపడతావేంటే! ఈసారైనా ఉద్యోగాలిస్తారేమో" అంది నదీన్. మిల్లులో ఇద్దరివీ పక్కపక్క మిషన్లు.

"ఇస్తారు ఇస్తారు. నీ అందం చూసి ఇంటికొచ్చి మరీ ఇస్తారు."

పాఠం చెప్పే లాకమీ ఒకప్పుడు టీకాల ఫ్యాక్టరీలో పనిచేసిన పెద్దమనిషి. ఆయన రోజూ ఒకే మాట చెప్పేవాడు. "రాయనిది జరగనట్టే. తప్పు రాస్తే చెరపొద్దు. కింది అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, కారణం రాసి, సంతకం, తేదీ పెట్టండి."

వెర్నాకు ఆ మాట మింగుడుపడేది కాదు. మిల్లులో తప్పు ఒప్పుకున్నవాడికి మర్నాడు పని ఉండేది కాదు. అందుకే ఇంటికెళ్ళే ముందు అందరూ లెక్కల కాగితంలో గడులన్నీ ఊహించి ఒకేసారి నింపేసేవారు. సంతకం పెట్టి మరీ తప్పు ఒప్పుకోమంటున్నారంటే, ఇది మనుషులను వదిలించుకునే ఎత్తేనని ఆమె గట్టిగా నమ్మింది.

ఆ రోజు అభ్యాసం తేలికైనదే. చిన్న స్టీలు తొట్టిలో జీవకణాలు పెరుగుతున్నాయి. పావుగంటకోసారి వేడి ఎంత ఉందో చూసి, కాగితంలో ఆ సమయం గడిలో రాయాలి. సరిగ్గా పదింబావుకు నదీన్ చేతి తొడుగు చిరిగింది. దాన్ని మార్చడంలో వెర్నా సాయపడింది. తిరిగి వచ్చేసరికి పదిన్నర. పదింబావు గడి ఖాళీగా ఉంది. చెయ్యి అలవాటుగా ముప్పై ఏడు అని రాసేసింది. వెనక టీగ్ ఏదో రాసుకున్నాడు.

అప్పుడామెకు ఇంట్లో ఫ్రిజ్‌లో వెన్న పక్కనుండే ఇన్సులిన్ సీసా గుర్తొచ్చింది. భర్త హార్లన్ పూటపూటా దాన్ని నమ్మి పొడుచుకుంటాడు. ఆ సీసా మీది నంబరు వెనక ఇలాంటి కాగితాల కట్ట ఒకటి ఉంటుందని లాకమీ మొన్ననే చెప్పాడు. ఆ కట్టలో ఏ వెర్నా ఏ గడి ఊహించి నింపిందో!

ఆమె అంకె మీద ఒక్క గీత కొట్టి, "చూడలేదు, ఊహించి రాశాను" అని పక్కన రాసి, సంతకం, తేదీ పెట్టింది.

"లాకమీ గారూ, నేను అబద్ధం రాశాను. ఇప్పుడే కొట్టేశాను. ఇక పంపించేస్తారా?"

"ఎందుకు పంపిస్తానమ్మా? గడి ఖాళీ అని తెలిస్తే తొట్టి సంగతి మనం చూసుకుంటాం. తెలియకపోతే ఆ బాధ రోగి పడాలి."

"మరి ఆ బాబు ఏం రాశాడు?"

టీగ్ ముఖం ఎర్రబడింది. పుస్తకం తెచ్చి చూపించాడు. 'తొట్టి దగ్గర ఒక్కరే ఉన్నారు. ఆమె చేతులు ఖాళీ లేనప్పుడు చూసేవారు లేరు. రెండో మనిషి కావాలి' అని ఉంది. వెర్నా రెండుసార్లు చదివింది. అయినా అనుమానం తీరలేదు.

"బాగానే రాశావు. పాసైతే పద్నాలుగు మందికీ ఉద్యోగాలిస్తామని మొదటిరోజు మీవాళ్ళన్నారు. అదెక్కడ రాసుంది?"

"అది... నోటిమాటగా అనుకున్నదండీ."

"రాయనిది జరగనట్టే, బాబూ."

లాకమీ నవ్వకుండా ఒక తెల్ల కాగితం తెచ్చి అతని ముందు పెట్టాడు.

"నాకంత అధికారం లేదండీ" అన్నాడు టీగ్.

"అయితే అదే రాయి. కింద సంతకం, తేదీ" అంది వెర్నా.

మొదటిరోజు ఇచ్చిన మాటా, దాన్ని ఖాయం చేసే అధికారం తనకు లేదన్న సంగతీ రాసి, అతను సంతకం, తేదీ పెట్టాడు. ఆ కాగితం ఫ్యాక్టరీ పెద్దల దగ్గరకు వెళ్ళింది. శుక్రవారం జవాబు వచ్చింది. అందులో ఎంతమందికి ఉద్యోగాలిస్తారో చెప్పే అంకె మీద ఒకే గీత ఉంది. పైన పద్నాలుగు అని రాసి, సంతకం, తేదీ పెట్టారు. గీత కింది పన్నెండు స్పష్టంగా కనబడుతోంది.

"ఇద్దరికి మొండిచెయ్యి చూపిద్దామనుకున్నారన్నమాట" అంది వెర్నా.

లాకమీ ఆ ఉత్తరాన్ని గోడకు గుచ్చి, అందరివైపు తిరిగాడు.

"పనివాళ్ళను తమ తప్పు రాసి సంతకం పెట్టమనే హక్కు, తమ మాట రాసి సంతకం పెట్టే యజమానికే ఉంటుంది."